ఎయిర్ బ్రష్ కొనే ముందు: నమూనాలపై కాలచిహ్నాల చిత్రణ

రైలు బండ్లు, ఓడలు, విమానాలు, కట్టడాలు మొదలైన వాటిని నిర్ణీత ప్రమాణానికి కుదించి నమూనాలుగా నిర్మించడం పాశ్చాత్య దేశాలలోను, జపానులోను చిరకాలంగా ఆదరణ పొందుతున్న వ్యాసంగం. బ్రిటన్‌లో 1939లో స్థాపితమైన ఎయిర్‌ఫిక్స్, జపానులోని షిజువోకా నగరంలో 1946లో ప్రారంభమైన టమియా వంటి సంస్థలు ఈ వ్యాసంగాన్ని సామాన్య విద్యార్థికి సైతం అందుబాటులోకి తెచ్చాయి. మన దేశంలోనూ విద్యార్థులు కొందరు ఈ పనిపై ఆసక్తి చూపుతున్నారు. అట్టివారు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది: ఏ ఎయిర్ బ్రష్ కొనాలి? రెండవది: నమూనా కొత్త బొమ్మలా మెరవక, నిజంగా వాడిన యంత్రంలా కనిపించాలంటే ఏం చేయాలి?

ఈ రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపి, పరికరం చేతికి వస్తే ఫలితం దానంతట అదే వస్తుందని భావించేవారు పెక్కుమంది. ఇది సరి కాదు. రెండవ ప్రశ్నకు సమాధానం తెలిసిన పిదపనే మొదటి ప్రశ్నకు సమాధానం తేలుతుంది. ఈ సంగతిని సోదాహరణంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాలచిహ్నాలు అనగా నేమి?

ఎండ, వాన, ధూళి, రాపిడి, నూనె, పొగ మొదలైనవి ఒక వస్తువుపై మిగిల్చే గుర్తులను నమూనాపై రంగులతో చూపడాన్ని ఆంగ్లంలో వెదరింగ్ అంటారు. తెలుగులో దీనిని కాలచిహ్నాల చిత్రణ అనవచ్చు. ఈ గుర్తులకు మన భాషలో మాటల కొరత లేదు. ఇనుముకు పట్టేది తుప్పు. రాగికి, ఇత్తడికి పట్టేది చిలుము. ఉర్దూలో జంగ్ అంటారు. తెలంగాణ పల్లెలలో తెలుగువారు సైతం ఇనుము జంగు పట్టిందనే అంటారు. నీరు నిలిచి ఆరిన చోట చార, నూనె పడిన చోట జిడ్డు మరక, పొగ తగిలిన చోట మసి. ఇన్ని మాటలు వేరువేరుగా ఉన్నాయంటే వాటి వెనుక ఉన్న కారణాలూ వేరువేరని అర్థం. నమూనాకారుడు మొట్టమొదట గ్రహించవలసింది ఈ భేదాన్నే.

వస్తువుకు కావాలని ముదురు ఛాయ తెప్పించే విద్య మనకు కొత్తది కాదు. ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో భాగమై, 1956 తరువాత మైసూరు రాష్ట్రంలో, అనగా నేటి కర్ణాటకలో చేరిన బీదరు పట్టణంలో బిద్రీ పనివారు యశదం ప్రధానంగా గల మిశ్రలోహంతో పాత్రలు పోతపోసి, వెండి తీగెలు పొదిగి, చివరకు కోట మట్టిని నవాసాగరంతో కలిపి పూస్తారు. అప్పుడు లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తూ నిలుస్తుంది. అయితే అక్కడ లోహమే రసాయనిక మార్పు పొందుతున్నది. నమూనాకారుడి పని వేరు. అతని చేతిలో ఉన్నది ప్లాస్టిక్కో అట్టో. వాటికి తుప్పు పట్టదు. కావున తుప్పు ఎందుకు, ఎక్కడ, ఎంత కాలానికి పడుతుందో తానే ఆలోచించి చిత్రించాలి. ఆలోచన లేనిచోట మిగిలేది ఉత్త మురికి మాత్రమే.

ఈ దృష్టిని రైలు నమూనాల రంగంలో ప్రచారం చేసినవారిలో అమెరికాకు చెందిన జాన్ ఆలెన్ ప్రముఖుడు. వృత్తిరీత్యా ఛాయాగ్రాహకుడైన ఆయన కాలిఫోర్నియాలోని మాంటెరీ పట్టణంలో తన ఇంట్లో నిర్మించుకున్న సూక్ష్మ రైలు మార్గంలో ఇంజన్లు మసిబారి, వ్యాగన్లు వెలిసిపోయి, కట్టడాలు పాతబడి కనిపించేవి. కొత్తగా మెరిసే బొమ్మలే అందమనుకునే రోజులలో ఇది ఒక కొత్త మార్గం. 1973లో ఆయన మరణించిన కొద్ది దినాలకే ఆ నిర్మాణం అగ్నికి ఆహుతి అయింది. ఆయన తీసిన ఛాయాచిత్రాల ద్వారానే ఆ పని నేటికీ తెలుస్తున్నది. సైనిక వాహనాల నమూనాలలో షెపర్డ్ పెయిన్ అనే అమెరికన్ 1970లలోను, 1980లో వెలువడిన తన గ్రంథంలోను ఇదే మార్గాన్ని సులభశైలిలో బోధించాడు. ఆ తరంవారి పనిలో చాలా భాగం సాధారణ కుంచెతో, పలుచని నూనె రంగులతో, రంగు పొడులతో సాగిందన్నది మన విద్యార్థులు గమనించదగిన విషయం.

ప్రమాణ సూత్రం

నమూనాకు రంగు వేసేటప్పుడు ఒక చిన్న లెక్కను నిరంతరం మనసులో ఉంచుకోవాలి. రైలు నమూనాలలో విశేష ప్రచారంలో ఉన్న హెచ్.ఓ. ప్రమాణం 1:87. అనగా నమూనాపై 1 మిల్లీమీటరు నిజ వస్తువుపై 87 మిల్లీమీటర్లకు సమానం. ఇప్పుడు ఈ ఉదాహరణలు చూడండి.

మొదటిది, రంగు పెచ్చు లేచినట్లు చూపడానికి కుంచెతో అర మిల్లీమీటరు చుక్క పెట్టామనుకుందాం. నిజ వ్యాగన్‌పై అది 4 సెంటీమీటర్లకు పైబడిన పెచ్చు. అటువంటివి నాలుగైదు ఉండవచ్చు. నాలుగు వందలు ఉంటే ఆ వ్యాగన్ నడుస్తున్నది కాదు, తుక్కుకు వేసినది.

రెండవది, ఎర్రమట్టి ధూళి చూపడానికి నిజమైన మట్టినే జల్లెడ పట్టి చల్లామనుకుందాం. మట్టి రేణువు పదోవంతు మిల్లీమీటరు ఉన్నా, ఈ ప్రమాణంలో అది దాదాపు 9 మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. నిజమైన ధూళి నమూనాపై ధూళిలా కనిపించదు. అందుచేతనే అరగదీసిన పొడి పేస్టెల్ సుద్దలను, అతి మెత్తని రంగు పొడులను వాడతారు.

మూడవది, కుంచెతో మందంగా వేసిన పూత పదోవంతు మిల్లీమీటరు మందం వస్తే, అది నిజ వస్తువుపై దాదాపు 9 మిల్లీమీటర్ల మందపు రంగుతో సమానం. తలుపు గీతలు, రివెట్లు, అతుకులు దాని కింద పూడిపోతాయి. ఎయిర్ బ్రష్ ఆవశ్యకత ఇక్కడే కనిపిస్తుంది. అది అత్యంత పలుచని పూతను, కుంచె గీతలు లేకుండా, ఒక వర్ణం మరొక వర్ణంలో అంచు తెలియకుండా కలిసిపోయేట్లు వేయగలదు. దాని ప్రయోజనం ముఖ్యంగా ఈ మూడే.

దీనినిబట్టి ఏ పనికి ఏ పరికరమో విభజించుకోవచ్చు. మూల వర్ణపు పూత, ఎండకు వెలిసిన ఛాయ, అడుగు భాగాన పరచుకున్న పలుచని ధూళి, పొగ మసి: ఇవి ఎయిర్ బ్రష్ చేయదగినవి. సందులలో నిలిచే ముదురు వర్ణం, తుప్పు చారలు, పెచ్చులు, నూనె మరకలు, అంచుల రాపిడి: ఇవి సన్నని కుంచెకు, స్పాంజి ముక్కకు చెందినవి. అనగా కాలచిహ్నాలలో అధిక భాగాన్ని ఎయిర్ బ్రష్ లేకుండానే నేర్చుకోవచ్చు. డబ్బు సమకూరే వరకు ఊరక కూర్చోవలసిన పని లేదు.

ఎయిర్ బ్రష్ పనిచేసే తీరు

ఎయిర్ బ్రష్ చరిత్ర 1870లలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఆబ్నర్ పీలర్ చేసిన ప్రయోగాలతో మొదలవుతుంది. 1890లలో చార్లెస్ బర్డిక్ దానికి ఇంచుమించు నేటి రూపం కల్పించాడు. ఆ రోజులలో దాని ముఖ్య ఉపయోగాలలో ఒకటి ఛాయాచిత్రాలను సవరించడం.

దాని సూత్రం భౌతికశాస్త్ర విద్యార్థులకు పరిచితమే. ఒత్తిడితో వచ్చే గాలి నాజిల్ కొన చుట్టూ వేగంగా బయటకు పోతుంది. ఆ కొన వద్ద పీడనం తగ్గుతుంది. అందుచేత లోపలి రంగు బయటకు లాగబడి, గాలి తాకిడికి అతి సూక్ష్మ బిందువులుగా చీలుతుంది. నాజిల్ మధ్యలో మొన తేలిన ఒక సూది ఉంటుంది. సూదిని వెనుకకు లాగిన కొద్దీ మార్గం తెరుచుకొని రంగు ఎక్కువగా వస్తుంది. ఊరూరా కార్లకు రంగులు వేసే షెడ్లలో కనిపించే స్ప్రే గన్ కూడా ఇదే కుటుంబానికి చెందినది. ఇది దానికి చిన్న తమ్ముడు.

వీటిలో రకాలు రెండు విధాలుగా చెబుతారు. ట్రిగ్గర్ నొక్కితే గాలి మాత్రమే అదుపులో ఉండి, రంగు పరిమాణాన్ని ముందుగా మరతో నిర్ణయించుకోవలసినది సింగిల్ యాక్షన్. ట్రిగ్గర్‌ను కిందికి నొక్కితే గాలి, వెనుకకు లాగితే రంగు వచ్చేది డబుల్ యాక్షన్. రంగు గిన్నె పైన ఉండి, బరువు వల్ల రంగు తానే దిగేది గ్రావిటీ ఫీడ్. సీసా కింద ఉండి గాలి లాగవలసినది సైఫన్ ఫీడ్. దీనికి కొంత ఎక్కువ ఒత్తిడి కావాలి. చిన్న నమూనాలకు తక్కువ ఒత్తిడి, తక్కువ రంగు చాలు గనుక గ్రావిటీ ఫీడ్, డబుల్ యాక్షన్ రకం శ్రేష్ఠం.

కొనుగోలులో గమనించవలసినవి

ధరలు మారుతూ ఉంటాయి గనుక ఇక్కడ అంకెలు ఇవ్వడం లేదు. కాని డబ్బు ఏ వస్తువుపై ముందు వెచ్చించాలన్న క్రమం మాత్రం మారదు. ఈ క్రింది అంశాలను పరిశీలించి కొనడం మంచిది.

1. నాజిల్. 0.3 మిల్లీమీటర్ల నాజిల్ మొదటి పరికరానికి తగినది. 0.2 మిల్లీమీటర్లది సన్నని గీతలకు మేలైనదే గాని, రంగు ఏమాత్రం చిక్కబడినా మూసుకుపోయి కొత్తవారిని నిరుత్సాహపరుస్తుంది. 0.5 మిల్లీమీటర్లది పెద్ద నమూనాలకు, ప్రైమర్ పూతకు పనికివస్తుంది.

2. విడిభాగాలు. నాజిల్, సూది తరచుగా దెబ్బతినేవి. అవి విడిగా దొరకని పరికరం ఎంత చవకైనా కొనరాదు. ఒక సూది వంగిన నాడు మొత్తం పరికరం వృథా అవుతుంది.

3. సూది నిటారు. దుకాణంలో సూదిని తీయించి, గాజు పలకపై మెల్లగా దొర్లించి చూడాలి. కొన ఎగిరెగిరి పడితే సూది వంగినదని అర్థం.

4. వాషర్లు. లోపలి వాషర్లు థిన్నర్‌కు ఉబ్బిపోని రకానివై ఉండాలి. టెఫ్లాన్ వాషర్లు ఉన్నాయేమో అడగాలి. మామూలు రబ్బరు వాషర్లు త్వరలోనే చెడిపోతాయి.

5. గొట్టం మర. ఎయిర్ బ్రష్‌కు, గాలి గొట్టానికి మరలు సరిపోవాలి. ఎనిమిదోవంతు అంగుళం మర ఎక్కువ వాడుకలో ఉంది గాని, కొన్ని సంస్థలు తమ సొంత మరలు పెడతాయి. రెండింటినీ దుకాణంలోనే బిగించి చూడాలి.

6. కంప్రెసర్. అసలు ఖర్చు పెట్టవలసింది ఇక్కడ. గాలి నిలవ ఉంచే ట్యాంకు, ఒత్తిడిని నిర్ణయించే రెగ్యులేటర్, దాన్ని చూపే మీటరు, నీటిని పట్టి ఉంచే ట్రాప్: ఈ నాలుగూ ఉండాలి. ట్యాంకు లేని చిన్న యంత్రాలలో గాలి తెరలు తెరలుగా వచ్చి పూత మచ్చలు పడుతుంది. గొప్ప ఎయిర్ బ్రష్‌కు నాసిరకం గాలి ఇచ్చేకంటే, సాధారణ ఎయిర్ బ్రష్‌కు నిలకడైన గాలి ఇవ్వడం మేలు.

నీటి ట్రాప్ గురించి ఒక మాట. గాలిని అదిమినప్పుడు వేడెక్కుతుంది. ట్యాంకులో చల్లబడినప్పుడు అందులోని ఆవిరి నీరుగా మారుతుంది. విశాఖపట్నం, మచిలీపట్నం, నెల్లూరు వంటి తీరప్రాంతాలలో గాలిలో తేమ అధికం గనుక ట్రాప్ లేకుంటే రంగుతోపాటు నీటి బొట్లు పడి పూత పాడవుతుంది. పని ముగిసిన ప్రతిసారీ ట్యాంకు అడుగున ఉన్న మరను తెరచి నీరు వదలాలి. పంక్చర్ దుకాణాల కంప్రెసర్ గాలి వాడదలచినవారు అందులో నూనె తుంపర కూడా రావచ్చునని గుర్తించి, నూనెను వడకట్టే ఫిల్టర్ తప్పక అమర్చుకోవాలి.

చేతికి అలవాటు చేసుకోవడం

కొన్న నాడే నమూనాపై ప్రయోగించరాదు. పాత వార్తాపత్రికలపై నాలుగు అభ్యాసాలు చేయాలి: చుక్కలు పెట్టడం, వాటిని కలుపుతూ గీతలు గీయడం, దట్టం నుండి పలుచనకు క్రమంగా దిగే ఛాయ, సమంగా పరచిన పూత. ముందుగా గాలి, తరువాత రంగు. ఆపేటప్పుడు ముందుగా రంగు, తరువాత గాలి. ఈ క్రమం వేలికి అలవడితే సగం కష్టం తీరినట్లే.

రంగు పాలంత పలుచగా ఉండాలి. ఒత్తిడి సాధారణంగా చదరపు అంగుళానికి 15 నుండి 20 పౌండ్లు చాలు. సమమైన పూతకు 8 నుండి 10 సెంటీమీటర్ల దూరం, సన్నని పనికి 2 లేక 3 సెంటీమీటర్ల దూరం పాటించాలి. ఒకే పూతతో ముగించక, పలుచగా మూడు నాలుగు పూతలు వేయాలి.

లోపాలను వాటి లక్షణాలనుబట్టి గుర్తించవచ్చు. రంగు సాలీడు కాళ్లలా చీలి పరుగెత్తితే అది మరీ పలుచన, లేదా ఒత్తిడి ఎక్కువ. పూత గరుకుగా ఇసుక చల్లినట్లుంటే రంగు చిక్కన, లేదా దూరం ఎక్కువ; బిందువులు దారిలోనే ఆరిపోతున్నాయన్నమాట. గిన్నెలో బుడగలు వస్తే నాజిల్ వదులైంది. రంగు ఆగి ఆగి చిమ్మితే సూది కొనపై రంగు గడ్డకట్టింది. తెలంగాణ, రాయలసీమ వేసవులలో యాక్రిలిక్ రంగులు కొనపైనే ఆరిపోవడం సర్వసాధారణం. ఆరుదలను ఆలస్యం చేసే రిటార్డర్ కొద్దిగా కలపడం, ఉదయపు చల్లనివేళ పనిచేయడం దీనికి ఉపాయాలు.

రంగు మార్చిన ప్రతిసారీ, పని ముగిసిన పిమ్మట తప్పనిసరిగా పరికరాన్ని శుభ్రపరచాలి. సూదిని తిరిగి అమర్చేటప్పుడు బలంగా తోయరాదు, నాజిల్ చీలిపోతుంది. ఎయిర్ బ్రష్ ఆయుర్దాయం వాడకం మీద కంటే కడగడం మీదనే ఆధారపడి ఉంటుంది.

ఒక ఉదాహరణ: బొగ్గు వ్యాగన్

ఇక కారణాలను వెదికే పద్ధతిని ఒక నిజ వస్తువుతో పరిశీలిద్దాం. 1980లలో భారతీయ రైల్వేలలో ప్రవేశించిన బాక్స్‌ఎన్ అనే పైకప్పు లేని వ్యాగన్‌ను సింగరేణి బొగ్గు తరలే మార్గాలలో చూడనివారు అరుదు. దాని పొడవు 10 మీటర్లకు కొంచెం ఎక్కువ. 1:87 ప్రమాణంలో సుమారు 12 సెంటీమీటర్లు. అట్టతోగాని, ప్లాస్టిక్ రేకుతోగాని విద్యార్థి స్వయంగా నిర్మించుకోవచ్చు. పరిశీలన స్టేషను ప్లాట్‌ఫారం మీద నుండే చేయాలి. పట్టాల మీదికి పోరాదు, అనుమతి లేనిచోట ఫోటోలు తీయరాదు.

లోపలి భాగం. బొగ్గు పెళ్లలు పైనుండి పడుతుంటాయి. దించేటప్పుడు టిప్లర్ అనే యంత్రం వ్యాగన్‌ను పట్టుకొని తలకిందులు చేస్తుంది. ఈ రాపిడికి లోపల రంగు నిలవదు. తడి బొగ్గు తుప్పును త్వరపరుస్తుంది. కావున లోపల మూల వర్ణమే తుప్పు. దానిపై నల్లని పొడి.

పక్క గోడలు. పెళ్లల తాకిడికి రేకు అక్కడక్కడ వెలుపలికి ఉబ్బుతుంది. ఆ ఉబ్బులపైన, అతుకుల వెంబడి రంగు ముందుగా పగులుతుంది. వాన నీరు నిలువు పట్టీల పక్కగా జారి, అడుగు మూలలలో నిలుస్తుంది. కావున తుప్పు మూలలలో దట్టంగా, చారలు పై నుండి కిందికి నిటారుగా ఉండాలి.

పై అంచు. లోడింగు యంత్రాలు తగిలి సొట్టలు, గీతలు పడతాయి. అంచు పట్టీపై బొగ్గు పొడి నిలుస్తుంది.

అడుగు భాగం, చక్రాలు. బ్రేకుల అరుగుదల పొడి, మార్గపు ధూళి కలిసి గోధుమ వర్ణపు పొరగా ఏర్పడుతుంది. కాని పట్టాలపై దొర్లే చక్రపు తలం మాత్రం వెండిలా మెరుస్తుంది. చక్రం మొత్తానికి తుప్పు రంగు వేస్తే ఆ వ్యాగన్ ఏళ్ల తరబడి కదలలేదని చెప్పినట్లే.

అక్షరాలు. మరమ్మతుకు వెళ్లి వచ్చిన వ్యాగన్‌పై సంఖ్యలు, తేదీలు రాసే చోట కొత్త రంగు పలక చతురస్రంగా కనిపిస్తుంది. చుట్టూ పాత రంగు, మధ్యలో కొత్త రంగు. ఈ ఒక్క గుర్తు ఆ వ్యాగన్ కార్ఖానాకు పోయి వచ్చిన కథను చెబుతుంది.

తరువాత వచ్చిన బాక్స్‌ఎన్ హెచ్.ఎల్. రకంలో స్టెయిన్‌లెస్ ఉక్కు వాడకం ఉంది గనుక అక్కడ తుప్పు తీరు ఇలా ఉండదు. ఒక వ్యాగన్ మచ్చలను మరొకదానికి గుడ్డిగా దించరాదు.

వస్తువు మారితే దిశ కూడా మారుతుంది. వ్యాగన్ రెండు వైపులా నడుస్తుంది, కనుక దాని చారలకు ముందు వెనుకల భేదం లేదు. విమానం ఒక వైపే ఎగురుతుంది. పొగ, నూనె మరకలు వెనుకకే సాగాలి. ఓడకు లంగరు రంధ్రం కింద తుప్పు కిందికి జారుతుంది. 1969 నుండి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002 నుండి విశాఖ రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామిని, దాని సమీపంలోనే 2017లో నెలకొల్పిన టి.యు. 142 విమానాన్ని చూచినవారికి ఆకారం, అతుకులు, తలుపుల అమరిక బాగా బోధపడతాయి. అయితే ప్రదర్శనలోని వస్తువులకు మళ్లీ మళ్లీ రంగులు వేస్తారు. వాటిపై ఉన్న మచ్చలు తీరపు గాలివే గాని, అవి సేవలో ఉన్ననాటివి కావు. పనిచేసిన రోజుల ఫోటోలతో పోల్చి చూడడం అవసరం.

రంగులు వేసే క్రమం

వ్యాగన్ లోపలికి ముందుగా ముదురు తుప్పు వర్ణం వేసి, ఆరిన పిదప వార్నిష్ పూయాలి. దానిపై జుట్టుకు కొట్టుకునే హెయిర్ స్ప్రే పలుచగా చల్లి, ఆపై వ్యాగన్ వర్ణపు యాక్రిలిక్ పూత వేయాలి. అది ఆరిన కొద్దిసేపటికి తడి కుంచెతో రుద్దితే, హెయిర్ స్ప్రే నీటికి మెత్తబడి పై రంగు పెచ్చులుగా లేస్తుంది. కింద తుప్పు బయటపడుతుంది. నిజ వ్యాగన్‌లో జరిగేదీ ఇదే గనుక ఫలితం సహజంగా ఉంటుంది. లోపల దాదాపు అంతా లేపివేయాలి, మూలలలో మాత్రం కొద్దిగా మిగల్చాలి.

వెలుపలి భాగానికి మూల వర్ణం వేసి, అదే వర్ణంలో కొంచెం లేత గోధుమ రంగు కలిపి రేకుల మధ్య భాగాన అతి పలుచగా చల్లితే ఎండకు వెలిసినట్లుంటుంది. తరువాత మెరుపు వార్నిష్, ఆపై అక్షరాలు. ఇప్పుడు కాల్చిన అంబర్ అనే ముదురు గోధుమ నూనె రంగును మినరల్ టర్పెంటైన్‌లో బాగా పలుచన చేసి అతుకుల వద్ద తాకించాలి. దీనిని వాష్ అంటారు. నున్నని తలంపై కేశనాళికా చర్య వల్ల ఆ ద్రవం సందుల వెంట తానే పరుగెత్తుతుంది. తలం గరుకుగా ఉంటే అక్కడే ఇంకి మచ్చ అవుతుంది. మెరుపు వార్నిష్ వేయమనడానికి కారణం ఇదే. కింద యాక్రిలిక్, పైన నూనె రంగు అనే క్రమం కూడా సకారణమే. టర్పెంటైన్ బాగా ఆరిన యాక్రిలిక్‌ను కరిగించదు గనుక పై పని నచ్చకపోతే తుడిచివేసుకోవచ్చు.

తరువాత మెరుపు లేని వార్నిష్. ఆపై తుప్పు. పాత తుప్పు ముదురు గోధుమ, కొత్త తుప్పు నారింజ. ముందుగా ముదురు చుక్కలు, వాటి మధ్యలో మాత్రమే అతి చిన్నగా లేత చుక్కలు పెట్టాలి. నూనె రంగు చుక్కను టర్పెంటైన్‌లో తడిపి పిండిన కుంచెతో కిందికి లాగితే చార వస్తుంది. చిట్టచివర, అడుగు భాగాన ఎయిర్ బ్రష్‌తో ధూళి వర్ణం, పై అంచున నల్లని పొడి. ఒక్కొక్క దశ ముగియగానే నమూనాను రెండడుగుల దూరాన పెట్టి చూచి, ఇక చాలునా అని విచారించుకోవాలి.

ఆరోగ్య రక్షణ

ఎయిర్ బ్రష్ రంగును ఊపిరితిత్తుల లోతుకు చేరగలిగినంత సూక్ష్మంగా చీలుస్తుంది. నీటితో కలిపే రంగులు కనుక హాని లేదనుకోవడం పొరపాటు; తుంపర తుంపరే. ఎనామెల్, లాకర్ రంగులలోని ద్రావణుల ఆవిరిని గుడ్డ మాస్కులు గాని, ఆస్పత్రి మాస్కులు గాని ఆపలేవు. ఆవిరులను పీల్చుకునే కార్ట్రిడ్జి, దానితోపాటు తుంపరను ఆపే ఫిల్టర్ గల రెస్పిరేటర్ కావాలి. తుంపరను వెలుపలికి పంపే ఫ్యాను లేదా ధారాళంగా గాలి పారే వరండా అవసరం. సమీపంలో పొయ్యి, దీపం, సిగరెట్టు ఉండరాదు. పడక గదిలో, పసిపిల్లలున్న చోట ఈ పని చేయరాదు. పొడి రంగులను ఊదరాదు, కుంచెతో దులపాలి. ఎయిర్ బ్రష్ ధరలో రెస్పిరేటర్ ధర కూడా కలిసి ఉన్నదని భావించి లెక్క వేసుకోవాలి. రెండవది కొనే స్తోమతు లేనప్పుడు మొదటిది వాయిదా వేయడమే వివేకం.

విద్యార్థులకు, కమిటీవారికి ఒక సూచన

పై వివరణనుబట్టి ఒక విద్యార్థి ఒంటరిగా కంప్రెసర్, ఎయిర్ బ్రష్, రెస్పిరేటర్, గాలి పారే స్థలం సమకూర్చుకోవడం భారమని స్పష్టమవుతున్నది. పైగా ఒక వ్యాగన్ పూర్తి చేయడంలో ఎయిర్ బ్రష్ పని రెండు మూడు గంటలకు మించదు. తక్కినదంతా కుంచెతో, కంటితో జరిగేదే. కావున పదిమంది పది నాసిరకం యంత్రాలు కొనడం కంటే, కళాశాల పక్షాన ఒక మంచి కంప్రెసర్, రెండు ఎయిర్ బ్రష్‌లు, తగినన్ని రెస్పిరేటర్లు సమకూర్చి, ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో వారానికి ఒక మధ్యాహ్నం కేటాయించడం ఉచితం. రెస్పిరేటర్ మాత్రం ఎవరిది వారికి ఉండాలి. నూనె రంగుల గొట్టాలు రెండు, సన్నని కుంచెలు రెండు, పేస్టెల్ సుద్దలు విద్యార్థులు తామే తెచ్చుకోగలరు.

భౌతికశాస్త్రంలో పీడనం, కేశనాళికా చర్య, రసాయనశాస్త్రంలో తుప్పు, ద్రావణులు, గణితంలో నిష్పత్తి, చిత్రలేఖనంలో వర్ణ సమ్మేళనం: ఇన్ని పాఠాలు ఒక్క 12 సెంటీమీటర్ల వ్యాగన్‌పై కలుస్తాయి. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. గనిలో బొగ్గు తవ్వినవారు, దాన్ని నింపినవారు, టిప్లర్ నడిపినవారు, కార్ఖానాలో రేకు అతికి మళ్లీ సంఖ్య రాసినవారు: వీరందరి శ్రమ ఆ మచ్చలలో నమోదై ఉంటుంది. ఆ గుర్తులను ఉన్నవి ఉన్నట్లు, ఉన్న చోట ఉన్నంత మేరకు చూపడం విద్యార్థికి సత్యనిష్ఠలో కూడా ఒక అభ్యాసం.

ఎయిర్ బ్రష్ కొనదలచిన మిత్రులు ఈ సెలవులలో ఒక పని చేయండి. చేతిలో పెన్సిలు, చిన్న నోటు పుస్తకం తీసుకొని, మీ ఊళ్లో ఒక పాత లారీనో, నీటి ట్యాంకునో, ఇనుప గేటునో ఎంచుకొని, దానిపై కనిపించే పది మచ్చలను రాసి, ప్రతి మచ్చకు ఎదురుగా దాని కారణం రాయండి. పదింటిలో ఎనిమిదింటికి కారణం చెప్పగలిగిన నాడు దుకాణానికి వెళ్లండి. అప్పుడు ఏ పరికరం కావాలో మీకే తెలుస్తుంది. అమ్మేవారి మాట మీద ఆధారపడవలసిన అవసరం ఉండదు.